గోదాము గడప దగ్గర కిర్రు చెప్పులు

“నా గోదాంల నేనే ఉత్తకాళ్లతోని తిరగాల్నా నర్సమ్మా?”

“గోదాం మీదే సేటుగారూ. లోపలున్న పన్నెండు మంచాలు మాత్రం నావి. చెప్పులు గీడ ఇడిసి రండ్రి.”

“మా నాయిన కట్టించిన జాగల నాకే హుకుం చేస్తున్నవా? రేపు పొద్దుగాల డాక్టరుసాబుతోని మాట్లాడుత.”

“మాట్లాడుండ్రి. అప్పటిదాంక ఆ కిర్రు సప్పుడు మాత్రం ఈ గడప దాటొద్దు.”

ఇది 1949లో మిర్యాలగూడలో జరిగింది. దసరా వెళ్లి, కొత్త వడ్లు ఇంకా రాని రోజులు. రైసుమిల్లు సేటు ఖాళీగా ఉన్న తన గోదామును కంటి ఆపరేషన్లకు ఇచ్చాడు. సూర్యాపేటలో పనిచేస్తున్న నన్ను పదిహేను రోజులకు అక్కడికి పంపారు. నేను చదివింది నాలుగో తరగతి. పెద్ద నర్సమ్మల వెనక తిరిగి పని నేర్చుకున్నదాన్ని కాబట్టి నా హోదా చిన్న నర్సు. అక్కడ మాత్రం చిన్నకూ పెద్దకూ నేనొక్కదాన్నే.

ఆ రోజుల్లో శుక్లం తీసిన కన్ను కుట్లు లేకుండానే అతుక్కోవాలి. అందుకని రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవాళ్లం. ఆ సంచులను చిరిగిన దుప్పట్లతో నేనే కుట్టాను. ఇసుకకు కొత్త గుడ్డ ఎందుకు? మూడో నాడు పొద్దున డాక్టరుగారు మొదటిసారి కట్టు విప్పేవారు. అప్పటిదాకా గట్టిగా దగ్గినా, లేచి కూర్చున్నా గాయం విచ్చుకుని చూపు పోవచ్చు.

నిడమనూరు నుంచి వచ్చిన గురువమ్మకు ఉన్నదే ఒక్క కన్ను. రెండోదాన్ని ఊళ్ల వెంట తిరిగే నాటువైద్యుడు సూదితో పొడిచి పోగొట్టాడు. నాట్లు వేసి బతికే మనిషి. చూపొస్తే మళ్లీ మడిలో దిగుతానని పట్టుదల. ఆపరేషన్ బల్ల మీద పడుకుని కూడా, నారు ఎన్ని వేళ్లతో పట్టాలో డాక్టరుగారికి చెప్పింది.

అంత ఆశ ఉన్న మనిషి, ఆపరేషన్ అయిన సాయంత్రమే లేవబోయింది. పట్టుకుని పడుకోబెట్టాను. మర్నాడు పొద్దున మళ్లీ లేవబోతే తిట్టాను. నా గొంతు పెద్దది, గోదాము చివరిదాకా వినబడింది. మాట వినని రోగి చేతులు కట్టాలన్నది రూలు. మెత్తని గుడ్డతో మంచం పట్టెకు కట్టాను. మధ్యాహ్నం కాంపౌండరు మందుల పెట్టెతో లోపలికి రాగానే, ఆ కట్లతోనే భుజాలు లేపింది. అప్పుడు కోపం మింగి, మొదటి రోజే అడగవలసిన మాట అడిగాను.

“ఎందుకు లేస్తున్నవ్ అవ్వా?”

“దొర వస్తుంటే మంచంల పండుకుంటరా బిడ్డా? ఈపు పలుగుతది.”

“ఈడ దొర ఎవడున్నడు?”

“నీకు కనబడుతలేడేమో. నాకు ఇనబడుతుండు. ఒకపారి కిర్రుకిర్రుమంటడు, ఒకపారి టకటకమంటడు.”

కిర్రుమనేవి సేటు చెప్పులు. ఆయన పొద్దునా సాయంత్రమూ రోగులను పలకరించడానికి వచ్చేవాడు, మంచి మనిషే. టకటకమనేవి కాంపౌండరు బూట్లు. గురువమ్మ ఊళ్లో దొర నడిచి వస్తుంటే కూలిజనం మంచం మీద ఉండకూడదు. ఆ దొర ఊరొదిలి పట్నం పోయి ఏడాది దాటింది. అవ్వ ఒంటికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.

“వాళ్లు దొరలు కాదు, సేటూ కాంపౌండరూ” అని చెప్పాను. “అట్లనా” అంది. కాసేపటికి బూట్లు మళ్లీ టకటకమన్నాయి, ఆమె మెడ మళ్లీ లేచింది.

ఇక ఆమెకు చెప్పడం మానేసి, నడిచేవాళ్లకు చెప్పాను. చేతుల కట్లు విప్పేశాను. కాంపౌండరు గొణుక్కుంటూ బూట్లు విడిచాడు. డాక్టరుగారు కారణం విని, తన బూట్లు తానే గడప బయట పెట్టి మేజోళ్లతో లోపలికి నడిచారు. సాయంత్రం సేటు వచ్చాడు. ఆయనకు నేను కారణం చెప్పకుండా హుకుం చెప్పాను, అది నా తప్పు. నేను మొదట రాసింది ఆ గొడవే. ఆయన గడప దగ్గరి నుంచే విసురుగా వెళ్లిపోయాడు. ఆయన గోదాము ఖాళీ చేయమంటే పన్నెండు మందినీ ఎక్కడ పడుకోబెట్టాలో నాకు తెలియదు.

ఆ తర్వాతి ఏళ్లలో కోదాడలో బాలింతల ఇళ్లకు వెళ్లాను, సూర్యాపేటలో పిల్లల వార్డు చూశాను. ఏ వయసు రోగి మొండికేసినా, తిట్టేముందు ఎందుకని అడిగాను. అడగడానికి ఖర్చేమీ లేదు. చాలాసార్లు సవరించుకోవలసింది మేమే అయ్యేది.

సేటు విసురుగా వెళ్లిన మర్నాడు పొద్దున డాక్టరుగారు గురువమ్మ కట్టు విప్పారు. గాయం అతుక్కుంది. ఆయన వేళ్లు చూపిస్తే “రెండు” అంది. తర్వాత కన్ను చికిలించి నన్ను చూసింది.

“గింత పొట్టిదానివా? నీ గొంతు ఇని వడ్ల గుమ్మి అంత ఉంటవనుకున్న.”

పక్క మంచాల వాళ్లకు నవ్వు ఆగలేదు. “ఎవ్వరు నవ్వొద్దు, కండ్లు కదులుతయ్” అని అరిచి, ముందుగా నేనే నవ్వాను.

“నీ పక్కన తెల్లగ ఉన్నది ఎవరు? అడుగు సప్పుడే లేదు. మా కూలోళ్ల తీరు నడిసొచ్చిండు” అంది అవ్వ.

తిరిగి చూశాను. సేటు. ఆయన కిర్రు చెప్పులు గడప అవతల, డాక్టరుగారి బూట్ల పక్కన ఉన్నాయి.

“మిల్లు సేటును, అవ్వా” అన్నాడాయన.

“అట్లనా” అంది గురువమ్మ. లేవలేదు.