వదలని మీట

వైర్‌లెస్ సెట్టు ఎలా పనిచేస్తుందో వరంగల్ గ్రంథాలయంలో చదివి సొంతంగా నేర్చుకున్నాను. ఆ పుస్తకాల్లో దొరకనిది ఒకటుంది కనుక ఇది రాస్తున్నాను.

ఎనభైలలో వరంగల్ పోలీసు వైర్‌లెస్ గదిలో పనిచేసేవాణ్ణి. ఒక సాయంత్రం ఏటూరునాగారం ఠాణా నుంచి కబురొచ్చింది, ఒక పిల్లను పాము కరిచిందని. దవాఖాన నుంచి డాక్టరమ్మను మా గదికి పిలిపించాను. ఠాణాలోని కానిస్టేబుల్ మైకును పిల్ల తండ్రి చేతికిచ్చి జీపు కోసం పరుగెత్తాడు.

"డాక్టరమ్మా, బిడ్డ కండ్లు మూస్తాంది. ఏం జెయ్యాలె, జర చెప్పుండ్రి."

మైకు మీట వదిలితేనే మా మాట అవతలికి వినబడుతుంది. ఆయన భయంతో దాన్ని నొక్కే ఉంచాడు.

"పండవెట్టయ్యా, మెదలనియ్యకు!" డాక్టరమ్మ అరుస్తూనే ఉంది.

"పలుకుతలేరేందమ్మా?" ఆయన ఏడుస్తూనే ఉన్నాడు.

కానిస్టేబుల్ తిరిగొచ్చేసరికి పిల్ల ప్రాణం పోయింది.

డాక్టరమ్మకు, ఆ కానిస్టేబుల్ అన్నకు నా కృతజ్ఞతలు. పేరైనా తెలియని ఆ తండ్రి ఇప్పటికీ రేడియో గరగరలో పిలుస్తాడు. నేను పలుకుతూనే ఉంటాను.