మెడపట్టు మేడమ్

నర్సింగ్ స్కూల్లో ఆవిడ అసలు పేరు ఆఫీసువాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. పిల్లలకి ఆవిడ మెడపట్టు మేడమ్. మెదడు కాండం పాఠం ఉన్న రోజున ముందు బెంచీలన్నీ ఖాళీగా ఉండేవి. ఎంత వెనక దాక్కున్నా లాభం లేదు. ఆవిడ చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి ఎవరో ఒకమ్మాయి మెడ దొరకబుచ్చుకునేది. పుర్రె అయిపోయి మెడ మొదలయ్యే చోట బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి, పాఠం అయ్యేదాకా వదిలేది కాదు.

“ఇదిగో, ఇక్కడుంది. నా బొటనవేలంత. దీని మీదే నువ్వు బతుకుతున్నావు. పైన ఎంత మెదడున్నా ఇది లేకపోతే దండగ. నీకు పైన ఎలాగూ ఏమీ లేదు కాబట్టి కనీసం దీన్నయినా గుర్తుపెట్టుకో.”

క్లాసంతా నవ్వేది, మెడ దొరికిపోయిన అమ్మాయి తప్ప.

పాఠం మాత్రం బాగా చెప్పేది, ఆ మాట ఒప్పుకోవాలి. మెదడు కాండాన్ని మూడంతస్తుల ఇల్లు అనేది. పై అంతస్తు మధ్య మెదడు. మనిషిని మేలుకొలిపి ఉంచడంలో దానికి పెద్ద చెయ్యి ఉంది. వెలుగు పడితే కంటిపాపని చిన్నది చేసేదీ, చూపుని పైకీ కిందికీ తిప్పేదీ అదే. మధ్య అంతస్తు పాన్స్. ముఖం కదలడం, దవడ ఆడటం, చూపు పక్కలకి తిరగడం దాని పని. పైగా పెద్ద మెదడు నుంచి ఒంటికి హుకుములు మోసే తీగలన్నీ దాని ముందుగదిలోంచే దిగాలి. కింది అంతస్తు మెడుల్లా. ఊపిరి, గుండె, రక్తపోటు, మింగడం, దగ్గడం, వాంతి దాని లెక్క. “మీరు నిద్రపోయినా అది నిద్రపోదు. మీలాగా కాదు,” అనేది.

అంతటితో ఆగి ఉంటే మంచి టీచరు అనిపించుకునేది. ఆవిడకి నటన పిచ్చి కూడా ఉండేది. పాఠం మధ్యలో ఉన్నట్టుండి మూతి వంకర పెట్టి, చెయ్యి వేలాడేసి, కుర్చీలోంచి జారి నేల మీద పడుండేది. ఏ అంతస్తు కూలిందో పిల్లలు చెప్పాలి. దగ్గరికి రాకూడదు, ముట్టుకోకూడదు. సరైన జవాబు వచ్చేదాకా ఆవిడ లేచేది కాదు. తప్పు చెప్పినవాళ్ల సంగతి లేచాక చూసేది.

ఇక ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. స్పృహ లేని రోగి పక్కన కూర్చున్న చుట్టాలు “మమ్మల్ని చూశాడు” అంటూ పరిగెత్తుకొస్తే నర్సు తల ఊపకూడదు. “కన్ను కదలడం వేరు, చూడటం వేరు. లేని ఆశ పెట్టారంటే ఆ పాపం మీదే,” అనేది. అందులో నిజం లేకపోలేదు. ఇల్లూ వాకిలీ వదిలేసి వార్డు గుమ్మంలో కాపురం పెట్టి, చివరికి గుండె పగిలి వెళ్లిపోయిన మనుషుల్ని ఆవిడ చాలామందిని చూసింది. కాకపోతే నిజాన్ని కర్రలా వాడటం ఆవిడకి అలవాటు.

ఒక ఏడాది ఒక విద్యార్థిని ఆ కర్ర దెబ్బ తింది. పక్షవాతంతో పడిపోయిన ఒక తాపీమేస్త్రీకి ఆ పిల్ల ఒళ్లు తుడిచేది. “పైకి చూడమంటే చూశారమ్మా, ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి,” అని మేస్త్రీ భార్యతో చెప్పింది. సంగతి మేడమ్ చెవిన పడింది. ఆవిడ మేస్త్రీ మంచం దాకా వెళ్లనైనా లేదు. ఆ పిల్లని వార్డు మధ్యలో నిలబెట్టి, మేస్త్రీ భార్య ఎదుట, “నేను అబద్ధం చెప్పాను,” అని పదిమందీ వినేలా అనిపించింది. తర్వాత స్కూల్లోంచి తీసేయించింది. ఆ పిల్లకి ఇంటికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. అదే ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నర్సు కావలసిన మనిషి నర్సుల వెనక బకెట్టు మోస్తూ నడిచింది. మేడమ్‌కి ఆ ముఖం గుర్తులేదు. అన్ని మెడలు పట్టుకున్న మనిషి ఏ మెడనని గుర్తుపెట్టుకుంటుంది?

రిటైరవడానికి ఇంకా కొన్నేళ్లు ఉండగా, ఒక ఉదయం సుద్దముక్క చేతిలో ఉండగానే గది గిర్రున తిరిగింది. మూతి వంకరపోయింది. ఏదో అనబోతే నాలుక మొద్దుబారి అడ్డం పడింది. కుర్చీ పట్టుకోబోయి ఆవిడ నేల మీద పడింది.

పిల్లలు కదల్లేదు. “పాన్స్, మేడమ్,” అని ముందు బెంచీ అమ్మాయి చెప్పింది. ఆవిడ లేవలేదు కాబట్టి జవాబు తప్పనుకున్నారు. “మెడుల్లా, మేడమ్,” అంది ఇంకో అమ్మాయి. ఎడమవైపా కుడివైపా అని వాదించుకున్నారు. మేడమ్ ఈసారి భలే చేస్తున్నారని ఎవరో గుసగుసలాడారు. గంట కొట్టాక కూడా ఆవిడ లేవకపోయేసరికి, ముందు ఎవరు ముట్టుకోవాలన్న దాని మీద మళ్లీ కాసేపు వాదన. మొదటి అమ్మాయి చెప్పిందే సరైన జవాబు.

కళ్లు తెరిచేసరికి వార్డులో ఉంది. అన్నీ వినబడుతున్నాయి. వీపు కింద దుప్పటి ముడత కూడా తెలుస్తోంది. చేతికి చెప్పింది, కాలికి చెప్పింది, నాలుకకి చెప్పింది. ఒక్కటీ మాట వినలేదు. చూపుని పక్కకి తిప్పబోతే తిరగలేదు. పైకి తిరిగింది, కిందికి తిరిగింది. రెప్పలు వాలాయి, లేచాయి. అప్పుడు ఆవిడకి అంతా అర్థమైంది. పై అంతస్తు బాగుంది, కింది అంతస్తు బాగుంది, మధ్య అంతస్తులో ముందుగది కూలింది. తీగలు తెగిపోయాయి. లోపల తను మాత్రం చెక్కుచెదరలేదు. రోగాన్ని ఇంత చక్కగా కనిపెట్టినందుకు ముందు కాస్త గర్వం కూడా కలిగింది. భయం తర్వాత వేసింది.

డ్యూటీ డాక్టరు కొత్తగా చదువు ముగించి వచ్చినవాడు. చెయ్యి నొక్కమన్నాడు, నాలుక చాపమన్నాడు. “నా వేలు చూడండి మేడమ్,” అని వేలుని ఎడమ నుంచి కుడికి జరిపాడు. పక్కకి కాదు తండ్రీ, పైకి జరుపు అని ఆవిడ లోపల గొంతు చించుకుంది. వేలు కుడి నుంచి మళ్లీ ఎడమకి వెళ్లింది. “కళ్లు మూయండి,” అన్నాడు చివరికి. ఆ మాట కోసమే కాచుకుని ఉన్న ఆవిడ మూసింది, తెరిచింది, ఎక్కడ చూడకుండా పోతాడోనని టపటపా కొట్టింది. అడగకముందూ కొట్టింది, అడిగాకా కొట్టింది.

“రెప్పలు వాటంతటవే కొట్టుకుంటున్నాయి,” అన్నాడతను.

పక్కనున్న నర్సు ఆవిడ శిష్యురాలే. “కన్ను కదలడం వేరు, చూడటం వేరు సార్. మా మేడమే చెప్పేవారు,” అంది భక్తిగా.

ఊపిరి బిగబడితే మంచం పక్కనున్న యంత్రం మోగి ఎవరైనా వస్తారని ఆవిడకి తోచింది. బిగబట్టబోతే ఊపిరి కూడా మాట వినలేదు. కింది అంతస్తు ఆవిడని అడక్కుండానే గాలిని లాగుతోంది, వదులుతోంది. ముక్కు చివర దురద పుట్టింది. సాయంత్రం దాకా ఆ దురద తప్ప లోకంలో ఇంకేమీ లేదు.

తమ్ముడూ మరదలూ రోజూ వచ్చేవారు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి చదివించి మనిషిని చేసింది ఆవిడే. ఆ సంగతి వాడెక్కడ మరిచిపోతాడోనని రోజుకోసారి గుర్తుచేసేది కూడా ఆవిడే. తమ్ముడు కాళ్ల దగ్గర నిలబడి ముక్కు చీదేవాడు. మరదలు ముఖంలోకి వంగి చూసేది.

“ఈవిడ నోరు మూతపడటం నేను బతికుండగా చూస్తాననుకోలేదు,” అంది ఒకరోజు.

“వినపడుతుందేమోనే,” అన్నాడు తమ్ముడు.

“వినపడితే ఊరుకునే మనిషా మీ అక్క?”

తమ్ముడికి నవ్వు ఆగలేదు. నవ్వి, సిగ్గుపడి, మళ్లీ ఏడ్చాడు.

వారం చివర పెద్ద డాక్టరు రావాలి. లోపల మనిషి ఉందని ఆయనకి తెలిస్తే అక్షరాల పలక తెప్పిస్తారు, కళ్లతో మాటలు కూర్చడం నేర్పిస్తారు. తెలియకపోతే వెనక వార్డు. అక్కడికి వెళ్లిన మంచం తిరిగి రావడం ఆవిడ తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

ఒళ్లు తుడిచే ఆయా చేతులు మెత్తగా ఉండేవి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకుని మరీ తుడిచేది. ఒక మధ్యాహ్నం ముఖం తుడుస్తూ ఆగింది. తెర లాగి, చెవి దగ్గరకి వంగింది.

“మేడమ్, వినపడుతుంటే పైకి చూడండి.”

చూసింది.

“ఇప్పుడు కిందికి.”

చూసింది.

“ముక్కు దురదగా ఉందా? ఉంటే పైకి.”

ఆయా తడిగుడ్డతో ముక్కు చివర నెమ్మదిగా రుద్దింది. ఆ సుఖానికి మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక ఇంత ప్రేమ ఎవరి మీదా కలగలేదు.

“నేనెవరో గుర్తుపట్టారా? లేదంటే కిందికి చూడండి.”

కిందికి చూసింది.

“మేస్త్రీగారి భార్య ముందు నిలబెట్టి, అబద్ధం చెప్పానని అనిపించారే, ఆ పిల్లని.” ఆయా గుడ్డ పిండుకుని మెడ తుడవడం మొదలుపెట్టింది. “ఆయన పోయేదాకా వెనక వార్డులో చాలా ఏళ్లు ఉన్నారు మేడమ్. నేనే కడిగేదాన్ని. పొద్దున్నే వెళ్లి బాగున్నారా అంటే పైకి చూసేవారు. నేను చెప్పని నర్సు లేదు. ఆయా మాట, పైగా స్కూల్లోంచి గెంటేసినదాని మాట, ఎవరు వింటారు? ఆయన భార్యే వినలేదు. అబద్ధమని నా నోటి నుంచే విందిగా. చివరికి రావడం మానేసింది. ఇంకొకరిని కట్టుకుందట. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు.”

మేడమ్ రెప్పలు మూసుకుంది. మేస్త్రీ ముఖం ఎంత తలుచుకున్నా గుర్తుకి రాలేదు. ఆ మంచం దాకా వెళ్లి ఉంటే కదా. అన్నేళ్లు ఒక మనిషి ఇదే చీకటి కొట్లో పడుండి, పైకి చూస్తూ, కిందికి చూస్తూ పోయాడు. తాళం వేసింది తను. ఇది తెలిశాక మనిషికి ఏడవాలనిపిస్తుంది, ఆవిడకి గట్టిగా ఏడవడం కూడా రాదు.

“ఏడవకండి, ముక్కు కారితే ఇబ్బంది,” అని ఆయా తుడిచింది.

ఆనాటి నుంచి మేడమ్ ప్రాణమంతా ఆయా అడుగుల చప్పుడు మీదే ఉంది. ఆయా రోజూ తెర లాగి కబుర్లు చెప్పేది, దాహమా అని అడిగి పెదాలు తడిపేది, దువ్వి జడ వేసేది. “పెద్ద డాక్టరు గారికి చెప్పమంటారా?” అని ఒకరోజు అడిగింది. మేడమ్ పైకి చూసింది, మళ్లీ పైకి, మళ్లీ పైకి.

“చూద్దాం లెండి,” అంది ఆయా.

పెద్ద డాక్టరు హడావిడిగా వచ్చాడు. టార్చి వేస్తే కంటిపాపలు చిన్నవయ్యాయి. వేలు పక్కలకి జరిపాడు, కళ్లు వెంట రాలేదు. “ఊపిరీ గుండే భేషుగ్గా ఉన్నాయి. ఇలా ఎన్నేళ్లయినా ఉంటారు,” అన్నాడు. తమ్ముడు తల దించుకున్నాడు. డాక్టరు వెళ్లబోయి, ఏదో అనుమానం వచ్చినట్టు ఆగాడు.

“రోజంతా దగ్గరుండేది ఎవరు?”

నర్సు ఆయాని ముందుకి తోసింది.

“ఏమ్మా, ఈవిడ ఎప్పుడైనా నిన్ను చూసినట్టు, నీ మాట విన్నట్టు అనిపించిందా? భయపడకుండా చెప్పు.”

అందరూ ఆయా వైపు తిరిగారు. మంచం వైపు ఎవరూ చూడటం లేదు. మేడమ్ పైకి చూసింది, కిందికి చూసింది, పైకి చూసింది. అది చూసింది ఆయా ఒక్కతే. తిన్నగా ఆ కళ్లలోకే చూస్తూ నిలబడింది.

“లేదు సార్. కళ్లు కదులుతాయి, అంతే.”

“బాగా ఆలోచించుకుని చెప్పు.”

“లేని ఆశ పెట్టకూడదు కదా సార్.”

మరదలు ఆయా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు మంచిదానివమ్మా,” అంది. డాక్టరు రాయవలసింది రాసి వెళ్లిపోయాడు.

వెనక వార్డులో కిటికీ ఎత్తున ఉంది, దాని తలుపు సరిగ్గా పడదు. ఆయా కూడా అక్కడికే డ్యూటీ అడిగి వేయించుకుంది. మంచం గోడకి జరిపి, మేడమ్‌ని పక్కకి ఒత్తిగిల్లించి, వీపు వెనక దిండు సర్దింది.

“నా చేతిలో ఎవరికీ వీపు పుండు పడలేదు మేడమ్. మీకూ పడనివ్వను,” అంది. అది నిజమే.

మేడమ్ రెప్పలు మూసుకుంది. ఈ మనిషి ఇక ఏమడిగినా జవాబివ్వకూడదని గట్టిగా అనుకుంది. ఆవిడకి మిగిలిన అధికారమల్లా అదొక్కటే. కిటికీలోంచి గాలి కొడుతోంది. అరికాళ్లు కొయ్యబారాయి. చలి మోకాళ్ల దాకా పాకింది. ఆయా స్టూలు వేసుకుని తొందరేమీ లేనట్టు కూర్చుంది.

“చలిగా ఉందా మేడమ్?” అంది చాలాసేపటికి.

మేడమ్ కళ్లు తెరిచి పైకి చూసింది. ఆయా లేచి ఇంకో దుప్పటి తెచ్చి పాదాల దాకా కప్పింది.