ధూమ్రకేశుని గొంతు

ఆదోనిలో పత్తి మిల్లు తిక్కయ్య అంటే తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, ధూమ్రకేశుడు తిక్కయ్య అంటే ఎమ్మిగనూరు దాకా పిల్లలు దుప్పటి ముసుగేసుకునేవాళ్ళు. మామూలు రోజుల్లో మిల్లు దుమ్ములో పత్తి మోసేవాడు. జాతర వచ్చిందంటే 'ధూమ్రకేశ వధ' నాటకంలో మాంత్రికుడయ్యేవాడు. ఆఖరి పద్యం ఎత్తుకొని, రాగం సాగదీసి సాగదీసి, ఆ రాగం తెగిన చోటే కూలిపోయేవాడు.

ఆ మేళంలో ఒక కట్టుబాటు ఉండేది. తెర దించినాక, పడిన మాంత్రికుణ్ణి ఎవరూ తాకకూడదు. ఇంటి మనిషి వచ్చి పేరు పెట్టి పిలిస్తేనే లేవాలి. లేకుంటే చచ్చినవాడి వేషంలోనే మనిషి ఉండిపోతాడని భయం. తిక్కయ్యకు తల్లి లేదు. ఆ పని భార్య మల్లమ్మ మీద పడింది. మొగుడి పేరు నోట పలకని మనిషి, తెర వెనక ఆయన చెవి దగ్గరకు వంగి "తిక్కయ్యా" అనేది. ఆయన ఒక్కోసారి ఆలస్యంగా కళ్ళు తెరిచేవాడు.

"కావాలనే కదా?" అని ఆమె చెయ్యెత్తితే, "నీ నోట నా పేరు ఇంగోసారి ఇందామని" అని నవ్వేవాడు.

డెబ్బై నాలుగులో మద్రాసు సినిమా కంపెనీ ఒకటి ఆ నాటకాన్ని తీసుకుంది. వేషం వేరే నటుడిది, పద్యాలకు గొంతు తిక్కయ్యది. హార్మోనియం వాయించే వెంకోబారావు తోడు పోయినాడు. వారం తర్వాత ఇద్దరూ రైలు దిగి వస్తే, మల్లమ్మ మొదట అడిగింది ఆఖరి పద్యం గురించే.

"తొమ్మిదిసార్లు పాడిచ్చినారు మే. ఒగసారి మైకు బాగలేదు, ఒగసారి నేనే దగ్గినా."

"పిల్సింది యెవురు?"

"యాడ పిలుస్తారు? ఆడ పడేదే లేదు. నిలబడి పాడల్ల, అంతే."

"పడకుండానే తొమ్మిది సావులు సచ్చినాడమ్మా నీ మొగుడు. యముడికే తికమక అయింటాది" అని వెంకోబారావు పకపకా నవ్వినాడు. మల్లమ్మ నవ్వలేదు. నీళ్ళ చెంబు తిక్కయ్య చేతికి ఇవ్వకుండా గడప మీద పెట్టి లోపలికి పోయింది.

సినిమా విరగబడి ఆడింది. ఆదోనిలో రోజుకు మూడాటలు. మూడుసార్లూ తిక్కయ్య గొంతు చచ్చిపోయేది. ఆ చలికాలానికి ఆయన మిల్లు మెట్లెక్కలేక మధ్యలో కూర్చునేవాడు. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నాడు డాక్టరు. మల్లమ్మ ఆ మాట బుద్ధిగా విన్నది. మందులు వేళకు ఇచ్చింది. నమ్మలేదు.

మూడేళ్ళకు రెండో భాగం మొదలైంది. అందులో మాంత్రికుడు తన బూడిదలోంచి తనే లేస్తాడట. కబురు రాగానే తిక్కయ్య చొక్కాలు ఉతికించుకున్నాడు.

"వద్దు. మాట్లాడనీకే దమ్ము సాలదు నీకు" అంది మల్లమ్మ.

"జాతరకు మనల్ని పిలిసి రెండేండ్లాయ. అందరూ సినిమాకే పోతాండారు. నా గొంతుకు ఇంగ ఆడ తప్ప తావు యాడుంది మే?"

"అట్లయితే నేనూ వస్తా."

మద్రాసు స్టూడియోలో పాడే గదికి పరుపు కుట్టినట్టున్న మందపాటి తలుపు. పైన ఎర్రదీపం. దీపం ఆరేదాకా లోపలికి పోకూడదన్నాడు కాపలావాడు. ఆమె ఎదురుచూసింది. దీపం ఆరలేదు. లోపల ఎన్నోసారి పాడుతున్నాడో, పద్యం ఎక్కడున్నదో, అసలు ఊపిరి అందుతున్నదో లేదో ఆమెకు ఏమీ వినపడలేదు. చివరికి తలుపుకు నోరు ఆనించి "తిక్కయ్యా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. కాఫీ గ్లాసులు మోసుకుపోతున్న ఒకడు ఆగి చూసి నవ్వినాడు. ఆమె పిలుపు ఆ మెత్తటి తలుపులోకి ఇంకిపోయింది. ఆమెకే సరిగా వినపడలేదు.

సాయంత్రానికి తిక్కయ్య తన కాళ్ళ మీదే బయటికి వచ్చినాడు. గుమ్మంలో ఆగి, ఆమెను రైల్లో ఎదురు బల్ల మీది మనిషిని చూసినట్టు చూసినాడు. తర్వాతే గుర్తుపట్టినాడు.

కార్తీకం దాటలేదు. పట్టపగలు మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయినాడు. మల్లమ్మ పిలిచింది. ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా పిలుస్తూనే ఉంది.

ఎనభై ఒకటిలో కంపెనీ మేనేజరు కారులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చినాడు. మూడో భాగం తీస్తున్నారట. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, కాగితం తీసి, సిరా డబ్బీ మూత తెరిచినాడు.

"ఆయన పాత రికార్డింగులే వాడుకుంటామమ్మా. మీరిక్కడ వేలిముద్ర వేస్తే చాలు."

"మళ్ళా లేస్తాడా?"

"లేవకపోతే కథెక్కడిదమ్మా?"

"ఆఖర్న?"

"ఆఖర్న చంపక తప్పదు. జనం వచ్చేది దానికే."

మల్లమ్మ చెయ్యి ముందుకు చాచలేదు. "లేపొద్దప్పా. పండుకోనియ్యండి."

మేనేజరు సిరా డబ్బీ మెల్లగా మూసినాడు. "టేపులు మా దగ్గరే ఉన్నాయి కదమ్మా. మర్యాద కోసం అడిగాం."

అతడు చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె గడప దాకా వచ్చింది.

"ఆదోనిలో యేనాడు మొదులుపెడతారో ఆ తేదీ సెప్పిపో నాయనా. మూడాటలకూ పిల్సనీకే నేను ఆడుండల్ల."