దుమ్ము కొలిచే పెట్టెకు కళ్ళాపి

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజుల్లో మా పంచాయితీ గోడకు ఒక కన్నడ ప్రకటన అంటించారు. రాతి క్రషర్ల నుంచి లేచే దుమ్ము మీద పాత నిబంధనలు మారుస్తున్నామనీ, ఊళ్ళవాళ్ళు జిల్లా కేంద్రంలో జరిగే సభకు వచ్చి తమ అభిప్రాయాలు చెప్పవచ్చుననీ దాని సారాంశం. సర్కారు అడగడం, మేము చెప్పడం మాకు అలవాటు లేని పని. అందుకని ఇది కొత్త పన్నుకు ముందుమాటేమోనని ఊరంతా అనుమానించింది. నేను మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివి, పన్ను మాట ఎక్కడా లేదని తేల్చి చెప్పాను.

నేను చింతామణి కూరగాయల మండీలో తూకాల లెక్కలు చూసేవాణ్ణి. బడిలో నేర్చుకున్నది తక్కువ. శాతాలు, సగటులు అన్నీ టమాటా బుట్టల మధ్య నాకు నేనే నేర్చుకున్నాను. దాంతో ఊళ్ళో అంకె కనబడిన కాగితం ఏదైనా చివరికి నా చేతికే వచ్చేది.

ఆ ప్రకటన మీద నిజంగా ఆశ పెట్టుకున్న మనిషి ఒకరే. మా అత్త, అంటే మా నాయన చెల్లెలు. చింతామణి నుంచి బాగేపల్లికి పోయే బస్సుదారి మా ఊరి నడివీధిగుండా వెళ్తుంది. ఊరి చివర దాని నుంచి క్రషరుకు మట్టిదారి చీలుతుంది. ఆ మట్టిదారి పక్కనే అత్త మల్బరీ తోట. లారీ పోయిన ప్రతిసారీ ఆకుపచ్చ తోట కాసేపు బూడిదరంగుకు మారేది. దుమ్ము పట్టిన ఆకును పట్టుపురుగు సరిగ్గా తినదు. వరసగా రెండు పంటలు గూడు కట్టకుండానే పోయాయి. ఆమె కొడుకు, నాకు బావ, ఇక మల్బరీ పీకేసి ఆ నేలను లారీలు నిలుపుకోవడానికి బాడుగకు ఇచ్చేద్దామన్నాడు.

"ఆ సభ అయ్యేదాకా ఒక్క మొక్క మీద చెయ్యి పెట్టినావంటే చూడు," అంది అత్త.

"సభలో మాట్లాడితే దుమ్ము పోతాదామ్మా? అట్లయితే నువ్వు మాట్లాడే మాటలకి ఈపాటికి ఆ కొండే లేసి పోయుండాల."

"నీ నోట్లో మన్ను పడ!"

"అది రోజూ పడతానే ఉండాది కదమ్మా, లారీ పోయినప్పుడల్లా."

సభకు ముందు కొన్ని ఊళ్ళలో గాలిని కొలిచి చూస్తామన్నారు. వాటిలో మా ఊరు కూడా ఉంది. బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు పెద్ద పెట్టె ఒకటి తెచ్చి బడి మిద్దె మీద పెడతాడని కబురొచ్చింది. పెట్టె గాలిని పీల్చి, లోపలున్న తెల్ల కాగితం మీద దుమ్మును పట్టుకుంటుందట. కాగితం ఎంత బరువెక్కితే గాలిలో అంత దుమ్మున్నట్టు.

ఇంటికి చుట్టాలొస్తుంటే వాకిలి కడగకుండా ఉండేవాళ్ళు మా వైపు లేరు. బెంగళూరు నుంచి పెద్దమనిషి వస్తున్నాడు, పైగా మన కష్టం చూడటానికి వస్తున్నాడు. తెల్లారేసరికి ఆడవాళ్ళంతా వాకిళ్ళు దాటి, వీధి దాటి, బడి చుట్టూ, ఆఖరికి క్రషరు దారి మొదటిదాకా పేడనీళ్ళు కళ్ళాపి చల్లేశారు. బడి ముందు రథం ముగ్గు వేశారు. క్రషరు లారీలు కూడా ఆ ముగ్గు తొక్కడానికి మొహమాటపడి నెమ్మదిగా పోయాయి. ఇంజినీరు పెట్టె బిగించి, మోటారు వేసి, కాఫీకని కిందికి దిగాడు. అంతలో బడిలో వంట చేసే ఆమె మిద్దెక్కి, అంత ఖరీదైన మిషను దుమ్ము కొట్టుకుపోతుందని, ఉతికిన తువ్వాలు ఒకటి దాని మీద కప్పి వచ్చింది.

సాయంత్రం కాగితం బయటికి తీస్తే కొత్త పంచెలా మెరిసింది.

ఇంజినీరు కాగితాన్ని చూశాడు, తువ్వాలును చూశాడు, తడిసిన వీధిని చూశాడు. నవ్వు ఆపుకుంటూ కన్నడంలో అన్నాడు: "మీ గాలి ఇంత బాగుంటే నేనే ఇక్కడికి మకాం మారుస్తాను."

"అయ్యో సార్, రోజూ ఇట్లుండదు," అన్నాను.

"మరి రోజూ ఎలా ఉంటుందో అలా ఉండండి. ఇంకోసారి వస్తాను. ఈ అంకె కూడా రాసుకునే పోతాను. రాసింది కొట్టెయ్యకూడదు."

ఆ రాత్రి ఊరి కూటంలో అందరికీ తలనొప్పి. రోజూ ఉన్నట్టు ఉండటమంటే ఏమిటి? నేను లెక్క ప్రకారం చెప్పాను: ఎవరి వాకిట్లో వాళ్ళు ఎప్పటిలా కళ్ళాపి చల్లుకోవాలి, వీధికి మాత్రం చల్లకూడదు. అప్పుడే సరైన కొలత వస్తుంది.

"నీ సరైన కొలతకి నా పురుగులు బతుకుతాయేంరా?" అంది అత్త. "ఒక్కపూట ఎవరూ చెంబు పట్టేది లేదు. అంతే."

"అది దొంగలెక్క అయితాది కదత్తా."

"మొన్న తువ్వాలు కప్పింది దొరలెక్కనా?"

ఊరంతా అత్త వైపే నిలిచింది.

రెండోసారి పెట్టె వచ్చిన పొద్దున మా వీధిలో ఒక్క వాకిలి తడవలేదు. ఒక్క ముగ్గు లేదు. ఆడవాళ్ళు గడపల లోపల చెంబులు పట్టుకుని, అలవాటు చేతిని బయటికి లాగుతుంటే బలవంతాన ఆపుకుంటూ నిలబడ్డారు. మా వైపు కళ్ళాపి లేని వాకిలికి అర్థం ఒక్కటే: ఆ ఇంట్లో పీనుగ లేచింది. అలాంటిది ఊరంతా పొడిగా ఉంది.

ఈ సంగతి మాకు తట్టేలోపు బాగేపల్లి బస్సు మా వీధిలోంచి వెళ్ళిపోయింది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు చూశారు. ఒక ఇంటి ముందు కళ్ళాపి లేకపోతే ఒక చావు అనుకునేవాళ్ళు. ఊరు మొత్తం మీద కళ్ళాపి లేదు కాబట్టి పోయినవాళ్ళు ఊరికే పెద్దయి ఉండాలనుకున్నారు. మాకు పెద్ద అంటే అందరికీ తెలిసింది మా అత్తే.

పొద్దెక్కేసరికి బాగేపల్లి నుంచి ఒక టెంపో, చింతామణి నుంచి ఆటోలు, వాటి వెనక మోటారు సైకిళ్ళు వరసగా దిగాయి. ఏ బండి అయినా అత్త ఇంటికి పోవాలంటే క్రషరు మట్టిదారిలో తిరగాల్సిందే. ముందుగా దిగింది అత్తకు వరసకు చెల్లెలు. టెంపో దిగకముందే రాగం అందుకుంది.

"అక్కా, నన్నిడిసి పోతివా అక్కా! యాడికి పోతివే!"

అత్త వాకిట్లోకి వచ్చి, "యాడికీ పోలేదే, సంగటి కెలకతాండా," అంది.

ఆవిడకు ముందు వచ్చింది సంతోషం కాదు, కోపం.

"బాగేపల్లి నుంచి ఏడ్చుకుంటా వచ్చినానే! గొంతు పోయింది. బతికుండావని ఒక మాట చెప్పి పంపిచ్చకూడదా?"

"బతికుండానని ఎవరైనా చెప్పి పంపిస్తారేమే?"

చావింటికని వచ్చినవాళ్ళు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. చావు లేదని తేలాక అందరికీ ఒకేసారి ఆకలేసింది. అత్త మళ్ళీ సంగటి కెలికింది. మిగిలింది ఒక్కటే సమస్య. టెంపోలో తెచ్చిన పెద్ద బంతిపూల మాల. అది ఎందుకు తెచ్చారో అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరి మెడలోనూ వేయలేం, దేవుడికీ వేయలేం.

"ఇట్లియ్యండి," అన్నాడు బావ. "క్రషరు ఓనరుకి ఏస్తాను. ఎవరూ వద్దనరు."

సాయంత్రం కాగితం తీస్తే డికాక్షన్ ఒలికినట్టుంది. బండ్ల సంగతి ఇంజినీరుకు నేనే చెప్పాను. దాచబుద్ధి కాలేదు. అతను మిద్దె మీద కూర్చుని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, 'బయటి వాహనాలు వచ్చాయి' అని అంకె పక్కన రాసుకున్నాడు.

సభ రోజున చిక్కబళ్ళాపురానికి అత్త, బావ, నేను వెళ్ళాం. ముందుగా రెండు అంకెలూ చదివారు. క్రషరు ఓనరు లేచి, నమస్కారాలు పెట్టి, మొదటి అంకె ప్రకారం ఆ ఊళ్ళో దుమ్మే లేదన్నాడు. బావ లేచి, రెండో అంకె ప్రకారం ఊరే కనబడదన్నాడు. ఏది తీసుకోవాలో తేల్చలేక పెద్ద అధికారి బల్ల మీద వేళ్ళు ఆడించాడు. నా వంతు వచ్చిందనుకుని లేచి, రెండూ కలిపి సగటు తీస్తే సరిపోతుందని వినయంగా చెప్పాను.

"పెళ్ళిరోజు తిన్నదీ, చావురోజు తిన్నదీ కలిపి సగం చేస్తే మామూలు రోజు తిండి వస్తుందా?" అన్నాడు ఇంజినీరు. హాలంతా నవ్వింది. అతని మాట సబబే కాబట్టి కూర్చున్నాను.

అప్పుడు అత్త కూర్చున్న చోటి నుంచే గొంతెత్తింది. కన్నడంలో మొదలుపెట్టి, కోపం రాగానే ఓనరు వైపు చెయ్యి చూపిస్తూ తెలుగులోకి దిగింది.

"సామీ, మీరు రెండు దినాలూ కొలిచింది దుమ్ము కాదు, మా చెంబులు. చల్లితే దుమ్ము లేదు, చల్లకపోతే ఉండాది. ఒక్క దినం మీ కోసరం మేము చల్లినాము. మా కోసరం దినామూ ఈయప్ప చల్లకూడదా? ఈయప్పకి ట్యాంకరుండాది, మాకు చెంబుండాది."

ఓనరు మొహమాటంగా నవ్వి, నీళ్ళు చల్లడానికి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చీ రాగానే పెద్ద అధికారి పక్కనున్న గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా రాసేసుకున్నాడు. ఓనరు నవ్వు ఆగిపోయింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. నిబంధనలు బయటికొచ్చినప్పుడు, క్రషరుకు పోయే మట్టిదారులు రోజూ తడపాలనీ, రాయి పొడయ్యే చోట పైన కప్పు వేయాలనీ అందులో ఉంది. క్రషర్లు ఊరికి దూరంగా ఉండాలన్న మా అసలు కోరిక మాత్రం అందులో లేదు.

ట్యాంకరు వచ్చింది. రోజూ రాలేదు. రాని రోజు అత్త దారికి అడ్డంగా నులక మంచం వాల్చుకుని పడుకునేది. లారీ డ్రైవర్లు హారన్ కొట్టేవాళ్ళు కాదు. దిగొచ్చి ఓనరుకు ఫోన్ చేసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆమె మంచం వాల్చకముందే ట్యాంకరు కనబడసాగింది.

దారికి దగ్గరి సాళ్ళలో ఆకు ఇంకా కొంచెం మసకగానే ఉండేది. ఆ ఆకు మేకలకు వేసి, లోపలి ఆకు పురుగులకు వేసింది అత్త. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు నిద్రపోయి చర్మం విడుస్తుంది; ఆ పంట మూడో నిద్ర దాటింది. పురుగులు నిద్రలేచి పాత చర్మం విడిచి, తలలెత్తి ఆకు కోసం వెతకడం మొదలుపెట్టాయి. అంతకు ముందు రెండు పంటలూ ఈ దశకు రాకుండానే పోయాయి; ఇప్పుడు దారి పక్క సాళ్ళు తీసేస్తే మిగిలిన ఆకు చాలుతుందో లేదో ఎవరికీ అంచనా లేదు. నన్ను పిలిచారు. తట్టలు చూసి, తోట చూసి, నాలుగో నిద్ర తర్వాత ఆకు చాలదని చెప్పాను.

"విన్నావా?" అంది అత్త బావతో. "పో, పక్క ఊళ్ళో ఎవరి తోటలోనైనా ఆకు అడగపో."

తోట పీకేస్తానన్న మనిషి ఏమంటాడోనని నేను అతని మొహం చూశాను. అతను సైకిలు బయటికి తీసి, వెనక సీటుకు గోనెసంచి కట్టుకుంటూ, "ఈసారి నువ్వు బతికే ఉండావని ముందే చెప్పి అడగతాలే," అన్నాడు.