బ్యాటరీ తీసిన గుంత

బ్యాటరీలను నమ్ముకుని ఇల్లు కట్టి, పిల్లల పెళ్లిళ్లు చేసి, తల నెరిపించుకున్న నేను మొన్న పొద్దున బ్యాటరీ ఎక్కడుందో తెలియక బజారు మధ్యలో నిలబడి దొంగలు పడ్డారని అరిచాను. మా బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు, కొత్తగా కొన్న కారేసుకుని జనగామలో మా ఇంటికొచ్చి రాత్రి ఉన్నాడు. పొద్దున బయలుదేరబోతే ఆ బండి మూలగనైనా మూలగలేదు. ఇంట్లోనే డాక్టరు ఉండగా దవాఖాన ఎందుకని నేను లుంగీ ఎగగట్టి, బానెట్ ఎత్తి, అటు చూసి ఇటు చూసి, బ్యాటరీని ఎవడో ఎత్తుకుపోయాడని తేల్చేశాను. ఎవడై ఉంటాడో కూడా అక్కడికక్కడే తేల్చేశాను, ఎందుకంటే వెనక సందులో కొత్తగా అద్దెకు దిగినవాళ్ల మీద నాకు మొదటినుంచీ ఓ కన్నుంది. బామ్మర్ది వెనక్కి పోయి, డిక్కీ తెరిచి, అడుగున పరిచిన గుడ్డ లేపి, బ్యాటరీని చూపించాడు. కంపెనీవాళ్లే అక్కడ పెట్టారట. గడపలో నిలబడ్డ మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె నవ్వుకు ఇంకో కారణం కూడా ఉంది. మా చుట్టుపక్కల ఒక కారు బ్యాటరీని డిక్కీలోకి మార్చిన మొదటి మొనగాణ్ని బహుశా నేనే, ఆ మార్చడం వల్లే ఆమె నా ఇంటికి వచ్చింది.

నేను ఎనిమిదో తరగతి నడుమ బడి మానేసినవాణ్ని. తలకాయలో కరెంటు తక్కువని మా లెక్కల సారు రోజూ అనేవాడు కాబట్టి, బయటనుంచైనా ఎక్కించుకుందామని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర చేరాను. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి బ్యాటరీ షాపు అంటే ఒక వాసన, గిన్నెలో పాలు పొంగడానికి ముందు వచ్చేలాంటి చిన్న బుడగల చప్పుడు, చొక్కా నిండా యాసిడ్ చిల్లులు. ఆ చిల్లుల చొక్కాలు తొడుక్కుంటూ తొడుక్కుంటూ నేను సొంతంగా ఒక రేకుల షెడ్డు పెట్టుకునే వేళకు, మానుకోట నుంచి, అంటే ఇప్పటి కాగితాల మీది మహబూబాబాద్ నుంచి, ఒక సంబంధం వచ్చింది.

పిల్ల తండ్రి భూపాలపల్లి బొగ్గు గనుల్లో స్టోరు కీపరు. జీవితమంతా నట్లూ బోల్టులూ అప్పజెప్పి, తిరిగి అప్పజెప్పించుకున్న మనిషి, పలకరించడానికి వచ్చినవాడి జేబు వైపు కూడా ఒకసారి చూసిగాని మొహం వైపు చూసేవాడు కాదు. పెళ్లిచూపుల్లో ఎంతవరకు చదివావని అడిగితే, ఎనిమిది దాకా ఛార్జింగు ఎక్కిందనీ ఆ తర్వాత ప్లేట్లు పట్టలేదనీ చెప్పాను. ఆయన నవ్వలేదు గాని తలుపు వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. నాకు ఆ నవ్వే పెళ్లిచూపులు. ఆ పిల్ల నాకు దక్కుతుందా దక్కదా అన్న ఒక్క దిగులుతో నేను జనగామ తిరిగొస్తే, ఆయన మాత్రం కబురు చేస్తామని చెప్పి, నెల గడిచినా కబురు చేయలేదు.

కబురుకు బదులు ఒకరోజు కారు వచ్చింది. నేలకు జానెడు ఎత్తున, పైన కప్పు లేకుండా, రెండే సీట్లతో, ఎర్రగా, పాతకాలపు విదేశీ పందెపు బండి. ఎవరో పెద్ద ఆఫీసరు బదిలీ మీద పోతూ చెడిపోయిన బండిని వదిలేసిపోతే పిల్ల తండ్రి తీసుకుని, సెలవు దొరికినప్పుడల్లా బాగు చేయించుకున్నాడట. ఆ బండిలో బ్యాటరీ ముందు ఉండదు, సీట్ల వెనక ఒక గుంతలో ఉంటుంది. దాన్ని అక్కడినుంచి తీసి డిక్కీలో పెట్టాలన్నాడు. యాసిడ్ ఘాటు మెడ వెనకే కొడుతున్నదన్నాడు. ఇంతవరకు నాకూ సబబుగానే అనిపించింది. ఆ తర్వాతే అసలు సంగతి, తుప్పు పట్టిన ఆ గుంతను సోడా నీళ్లతో కడిగి, అడుగున మందపు రేకు కొత్తగా వెల్డింగ్ చేయించాలట, బియ్యం బస్తా ఎత్తేసినా వంగకూడదట. అక్కడ ఏం పెడతారని అడిగితే, ఏమీ పెట్టమన్నాడు. భూపాలపల్లి చుట్టూ ఇన్ని షెడ్లుండగా ఇంతదూరం ఎందుకు తెచ్చాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా అక్క మొగుడు, మా బావ, ఊళ్లో ఎవరింట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగినా కారణం వెతికే మనిషి. షెడ్డుకొచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, గుంతలోకి తొంగిచూసి, నా చెవిలో అన్నాడు:

"ఖాళీ జాగకు గంత గట్టి అడుగెందుకుర? గాలికి బరువుంటదా?"

ఆ మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. ఆయన ఉండేది అడవి దాపున, బండి చూస్తే ఎవరూ ఆపి అడగలేనంత షోకుగా ఉంది, సీట్ల వెనక కనబడని గుంత, దానికి బస్తా మోసే అడుగు. పని చేయనంటే పిల్ల దక్కదు, చేస్తే రేపు ఏ పోలీసు నాకా దగ్గరో ఆ గుంతలోనుంచి ఏ దొంగసరుకో బయటపడి, దీన్ని చేసిందెవడని అడిగితే నా పేరు చెబుతారు. చివరికి తలుపు వెనకనుంచి వచ్చిన ఆ నవ్వే గెలిచింది, స్పానరు పట్టుకున్నాను.

అనుమానం నాకొక్కడికే ఉందనుకుంటే పొరపాటు. ఆయన డ్యూటీకి పోతూ బండిని ఒంటరిగా వదల్లేదు, తన తల్లిని జనగామలో చుట్టాలింట్లో దింపి, అవ్వకు పొద్దు పోవడం లేదు, నీ షెడ్డులో కాసేపు కూర్చుంటుందని చెప్పి పోయాడు. మన ఇళ్లలో బంగారం కరిగించడానికి ఇస్తే పని అయ్యేదాకా కంసాలి కుంపటి ఎదుట ఇంటి పెద్దముసలమ్మ ఒకరు కూర్చునేవారు కదా, సరిగ్గా అట్లాగే కూర్చుంది ఆ అవ్వ. కాబోయే అల్లుడిని అనుమానిస్తున్నామని నోటితో అనలేరు, మర్యాద కాదు. అందుకని నాకోసం గంజు గిన్నె నిండా చల్ల తెచ్చేది, ఆకూ వక్కా నములుతూ నా చేతుల మీదినుంచి చూపు తిప్పేది కాదు. డిక్కీ నుంచి ఇంజను దాకా బొటనవేలంత లావు రాగి తీగ లాగుతుంటే, ఇంత పొడుగు తీగ నిజంగా బండికేనా అని అడిగింది. కోసి పారేసిన ముక్కలన్నీ ఏరి కొంగున ముడేసుకుంది.

ఒకసారి నేను చాయ్ తాగడానికి ఎదురు హోటలుకు పోయి, అక్కడినుంచి చూద్దును కదా, అవ్వ చుట్టూ కలియజూసి, లేచి, వంగి, ఆ గుంతను జానలతో కొలుస్తున్నది. పక్కనే ఉన్న బావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ముసలామెకు కూడా ఇందులో వాటా ఉన్నదన్నాడు.

ఇక మిగిలింది ఆ గుంత అంచులు. కొత్త రేకు కదా, కత్తిలా ఉన్నాయి. వాటి సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ వదిలేసేవాణ్నే. కాని ఆ రాత్రంతా నా కళ్లలో ఒకటే బొమ్మ, ఆ అంచుకు తగిలి బస్తా చిరిగి, లోపలి సరుకు రోడ్డు పొడుగునా కారుకుంటూ పోయి, ఆ జాడ పట్టుకుని పోలీసులు మా షెడ్డుకే రావడం. మర్నాడు పగలంతా కూర్చుని ఆ అంచులను ఆకురాయితో అరగదీసి, గుండ్రం చేసి, చుట్టూ రబ్బరు పట్టీ కూడా తొడిగాను. అవ్వ లేచి వచ్చి, ఆ అంచు చుట్టూ అరచెయ్యి వేసి మెల్లగా నిమిరి, పోయి కూర్చుంది. ఆ నిమరడం చూసి నాకు మరింత భయమేసింది.

ఆయన వచ్చి, తాళం తిప్పి, డిక్కీలోని బ్యాటరీ ఒక్క దెబ్బకు ఇంజన్ను లేపడం చూసి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని పోయాడు. పెళ్లి మాట ఎత్తనే లేదు. మా అమ్మ నా మొహం చూడలేక చిల్పూర్ బుగులు వెంకన్నకు, బుగులు, అంటే గుండెల్లోని భయం, తీర్చేది ఆ దేవుడే కాబట్టి, మొక్కుకుని వచ్చింది. బావ రోజూ హోటల్లో పేపరు తిరగేస్తూ ఎర్రబండి ఎక్కడైనా పట్టుబడిందా అని వెతికేవాడు. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున, పిల్లనిస్తామని మానుకోట నుంచి మనిషి వచ్చాడు. అందరూ సంతోషిస్తుంటే బావ మాత్రం, మన నోరు మూయించడానికే పిల్లనిస్తున్నారని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

పెళ్లి మానుకోటలో అయింది. కురవి వీరన్నకు మొక్కి వచ్చాక సాగనంపే వేళకు ఇంటి ముందు ఆ ఎర్రబండే, ఒళ్లంతా బంతిపూలు. నన్నే నడపమన్నారు. పక్క సీట్లో ఆమె కూర్చుంది. రెండు సీట్ల బండిలో ఇద్దరమే, ఇంత దయ ఎందుకు కలిగిందా అని నేను లోపల్లోపల పొంగిపోతుంటే, ఇంట్లోనుంచి అవ్వ చిన్న సత్తు డబ్బా పట్టుకుని వచ్చింది. పెళ్లికూతురు మొదటిసారి అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటి ముసలమ్మ ఒకరు వెంట పోవాలి కదా, ఆ సంగతే మరిచిపోయాను. మా మామ సీట్ల వెనక మూత తీశాడు. లోపల మెత్తటి దూది పరుపు. అవ్వ అందులోకి దిగి, కాళ్లు ముడుచుకుని, రెండు చేతులా ఆ రబ్బరు అంచులు పట్టుకుని, గంపలో కోడిపెట్టలా సర్దుకుని కూర్చుంది. నేను బావ వైపు చూశాను. బావ పూలదండల వైపు చూస్తున్నాడు.

నన్ను కనిపెట్టి ఉండే మనిషికి నా చేతులతో నేనే జాగ చేసిపెట్టానన్నమాట. ముందే చెబితే ఆ బండి కూడా అల్లుడికే ఇస్తారని మావాళ్లు ఆశ పడతారని మా మామ అనుమానమట. దారి పొడుగునా మా ఇద్దరి భుజాల మధ్య ఆమె తల. నేను పెళ్లికూతురితో మెల్లగా ఒక మాటంటే జవాబు వెనకనుంచి వచ్చేది. జఫర్‌గఢ్ దగ్గర మంచినీళ్లకు ఆగినప్పుడు ఉండబట్టలేక అడిగాను, ఈ జాగ నీకేనని ముందే చెబితే ఏం పోయేదవ్వా అని. అవ్వ నీళ్లు తాగి, మూతి తుడుచుకుని అంది:

"చెప్తే ఎవ్వడైన మంచిగనే చేస్తడు బిడ్డ. అండ్ల ఎవ్వలు కూసుంటరో తెల్వకనే నువ్వు అంచులు నున్నగ చేసినవు. నేను ఇంటికి పొయ్యి గదే చెప్పిన, గీ పిలగానికే ఇయ్యుండ్రి అని."

ఎందుకు నున్నగా చేశానో నేను చెప్పలేదు. నా నోరు తనంత తానుగా మూతపడడం అదే మొదటిసారి.

ఆ అవ్వ మా ఇంట్లో పక్షం రోజులుండి, మా అమ్మ వండేది, నేను వచ్చేది పోయేది అన్నీ చూసి, నమ్మకం కుదిరాక గాని మానుకోట బస్సెక్కలేదు. ఇప్పుడు అవ్వా లేదు, మామా లేడు, ఆ బండి ఏ ఊళ్లో ఎవరి కొట్టంలో ఉందో తెలియదు. మా బామ్మర్ది కొత్త కారులో ఏడుగురు పడతారు, అందులో వచ్చింది అతనొక్కడే. మా బిడ్డను అత్తగారింటికి పంపినప్పుడు వెంట పోవడానికి ఒక ముసలమ్మ దొరకలేదు, చేరామని ఫోను వచ్చింది. అనుమానాలు మాత్రం తగ్గాయా అంటే, ప్రతి గేటుకూ ఒక కెమెరా. అప్పటి అనుమానం మన ఎదురుగా కూర్చుని, మనకే చల్ల పోసి, చూసి చూసి ఒకనాటికి తీరిపోయేది. గోడ మీది ఈ కన్నుకు ఎంత చూసినా నమ్మకం కుదిరే రోజంటూ లేదు.

బామ్మర్ది పోయాక ఆ సాయంత్రం, ఇన్నేళ్లకు, మా ఆవిడకు ఆ అంచుల సంగతి చెప్పాను. మీ అవ్వ మెచ్చుకున్న నునుపు అవ్వ కోసం కాదనీ, మీ బాపు దొంగసరుకు బస్తా చిరగకుండా చేసిందనీ చెప్పి, ఇక నవ్వుతుందని చూస్తూ కూర్చున్నాను. ఆమె తోటకూర తెంపుతూ తల కూడా ఎత్తలేదు.

"మాకు తెల్వదనుకున్నవా? మీ బావ మొఖం సూసి మా బాపు గప్పుడే పట్టిండు. దారిల బండి ఆపి గుంతల పరుపు కింద ఏమున్నదో ఎతుకుతవనే, దాని మీద అవ్వను కూసోపెట్టిండు."