బావి గట్టున బెంజి

కృష్ణగిరి చుట్టుపక్కల ఆ రోజుల్లో బెంజి అంటే లారీ. బెంగుళూరు రోడ్డు మీద చింతపండో మామిడికాయలో మోసుకొని, మూలుక్కుంటూ మిట్ట ఎక్కే లారీల నుదుట మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. తర్వాత ఆ నక్షత్రం పోయి దేశీ కంపెనీ గుర్తు వచ్చింది గానీ, జనం నోట్లో పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. అందుకని 1979 ఎండాకాలంలో నంజమ్మ "మా ఇంటాయన బెంగుళూరు నుంచి బెంజి తెస్తా ఉండాడు" అని నలుగురితో అన్నప్పుడు, కెలమంగలం దాపున ఉన్న బోడిగుట్టపల్లె జనం చేయవలసిన పనే చేశారు. చింతపండు మూటలు కట్టి, రోడ్డు వారన పేర్చి, వాటి మీదే కూర్చున్నారు.

మధ్యాహ్నానికి బెంజి వచ్చింది. నల్లగా, గుండ్రంగా, కడుపునిండా మేసి నెమరేసే ఎనుములాగా ఉంది. అందులోంచి తెల్ల యూనిఫారం, తెల్ల టోపీతో నంజమ్మ మొగుడు ఆంజప్ప దిగాడు. దిగి, తలుపును చంటిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా మూశాడు.

నాగేశప్ప దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఇతను నంజమ్మకు చిన్నాయన కొడుకు. ఆంజప్పకు బామ్మర్ది కాబట్టి ఎగతాళి అతని జన్మహక్కు.

"లారీ యాడ బావా? ఇది దాని బిడ్డా?"

"లారీ కాదప్పా, కారు. బెంజి కారు."

"మూటలు యాడ వేసేది?"

"మూటలా! లోపల సీటు చూసినావా? జర్మనీ తోలు."

"జర్మనీ ఎద్దులకు కూడా దొరల మాదిరి మీసాలుంటాయా ఏమి?" అన్నాడు నాగేశప్ప. జనం నవ్వుకుంటూ మూటలు మళ్ళీ ఇళ్ళకు మోసుకుపోయారు.

ఆంజప్ప గొర్రెల కాపరి కొడుకు. అంచెట్టి అడవి అంచున గొర్రెలు మేపుతూ ఉండగా, వెదురు కోసం వచ్చిన లారీ ఒకటి కంటబడింది. గొర్రెలను గొర్రెలకే అప్పగించి లారీ ఎక్కేశాడు. కొన్నాళ్ళు క్లీనరు, తర్వాత డ్రైవరు. ఆ తర్వాత బెంగుళూరులో కాఫీ తోటల అయ్య ఒకాయన దగ్గర కారు డ్రైవరు. "నీకు లారీ కదా తెలిసింది, కారు ఎట్లా తోల్తావు?" అని అయ్య అడిగితే, "రెండిటికీ నుదుట బొట్టు ఒకటే కదయ్యా" అన్నాడట. ఆ ఒక్క మాటకే ఉద్యోగం ఇచ్చాడని ఆంజప్ప చెబుతాడు. అయ్య ఏం చెప్పేవాడో అడగడానికి వీల్లేదు, ఆయన కాలం చేశాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళకు ఆ ముసలి డీజిల్ కారు గేటుకు అడ్డంగా కనిపించింది. "దీని భాష నీకొక్కడికే తెలుసు ఆంజప్పా, నువ్వే తీసుకొని పో" అన్నారు.

భాష అన్నది నిజమే. ఆ కారును లేపడం ఒక చిన్న పూజ. ముందు ఒక గుబ్బ లాగి పట్టుకోవాలి. లోపల తీగ కాగి ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు ఇంకొంచెం లాగితే ఇంజను దగ్గి, తుమ్మి, ఊరంతా వినేటట్టు గొంతు సవరించుకొని లేచేది. దాని హారన్ కొడితే రాయకోట కొండ మీద కోళ్ళు కూసేవని ఆంజప్ప అనేవాడు. కొండ మీద కోళ్ళు ఎవరు పెంచుతారని మాత్రం ఎవరూ అడగలేదు.

సామాన్లు దొరికేవి కావు. జర్మనీలో పుట్టిన ఆ దొరబిడ్డకు కృష్ణగిరి లారీ షెడ్లే ఆసుపత్రి. తలుపు రబ్బరు పోతే సైకిల్ ట్యూబు, అద్దం తుడిచే రబ్బరు పోతే చెప్పు ముక్క. అయినా శుక్రవారం పూట తలకు పోసినట్టు కడిగి, నక్షత్రాన్ని చింతపండుతో తోమేవాడు. పెళ్ళికొడుకును ఊరేగించడానికి అడిగితే ఇచ్చేవాడు గానీ, షరతులుండేవి. సీటు మీద తుండు పరవాలి, వక్కాకు నమలకూడదు, సంతోషం పట్టలేక తలుపు గట్టిగా వేయకూడదు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు కూడా అన్ని షరతులు పెట్టేవాళ్ళు కారు.

ఇక ఆ బెంజి పుట్టుపూర్వోత్తరాలు. అయ్య వెనక సీట్లో కూర్చొని చెప్పింది పిడికెడు, ఆంజప్ప కలిపింది గంపెడు. మొట్టమొదటి బెంజి బండికి మూడే చక్రాలట. దాన్ని చేసిన దొర, నలుగురూ ఏమంటారో అని జంకుతూ ఉంటే, ఆయన భార్య ఒకనాడు తెల్లవారుజామున, మొగుడు లేవకముందే, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని పుట్టింటికి బయలుదేరిందట. దారిలో చమురు అయిపోతే మందుల అంగడిలో కొనిందట. గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి దారి తీసిందట. ఇంతవరకు నిజం. ఇక్కడి నుంచి ఆంజప్ప సొంతం. ఆయమ్మకు దారిలో చిరుతపులి అడ్డం వచ్చిందనీ, హారన్ కొట్టగానే అది పరుగు లంకించుకొని అంచెట్టి అడవిలో వచ్చి పడిందనీ, ఇప్పుడు మన గొర్రెలను ఎత్తుకుపోయేవి దాని మునిమనవళ్ళేననీ చెప్పేవాడు.

"మెర్సిడెస్ అని ముందర ఒక పేరు ఉండాది చూడు, అది ఒక షావుకారి కూతురి పేరు" అని కూడా చెప్పాడు ఒకసారి.

"ఆడమనిషి పేరా!" నాగేశప్ప లేచి నిలబడ్డాడు. "నంజక్కా, వింటా ఉండావా? బావ నీ మీదికి సవతిని తెచ్చినాడు."

నంజమ్మ తల ఎత్తకుండానే అంది: "సవతి అయితే సంగటన్నా కెలికేది. ఇది నూనె తాగి నిద్రపోతుంది."

నంజమ్మ మాటకు పదును ఎక్కువ, చేతికి ఓర్పు ఎక్కువ. చాలా ఏళ్ళు ఇతరుల ఇళ్ళలో పట్టుపురుగులకు ఆకు వేసి, తట్టలు మార్చి, కూలి తెచ్చుకున్న మనిషి. 1983లో మొదటిసారి సొంతంగా పురుగులు పెట్టింది. బావి పక్కన ఉన్న నేల చెక్కలో మల్బరీ నాటింది. నడిమింట్లో తట్టలు పేర్చి, ఆంజప్పను, అతని టోపీని వరండాకు తరిమింది. ఎదురింటి ఆడవాళ్ళు "నీకెందుకు నంజమ్మా ఈ పని" అన్నప్పుడు ఆమె తట్టలు మార్చుకుంటూ పోయింది. జవాబు పురుగులు గూడు కట్టాక చెబుదామని దాచుకుంది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వచ్చింది ఒకే ఒక మబ్బు. అది కూడా చుక్క రాల్చకుండా, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద పిడుగు వేసి, తన పని అయిపోయినట్టు పోయింది. కరెంటు లేదు. బావిలో నీళ్ళున్నాయి, పైకి తెచ్చే దారి లేదు. మల్బరీ ఆకు వాడి, అంచులు ముడుచుకుంది. అదే సమయానికి పురుగులు నాలుగో జ్వరం దాటి లేచాయి. పొర విడిచే నిద్రకు ఆ పక్క జ్వరం అని పేరు. నాలుగోది దాటాక పురుగులకు ఆకలి పుడుతుంది చూడండి, అది మామూలు ఆకలి కాదు. వారం రోజులు పగలూ రాత్రీ పచ్చి ఆకు మేస్తేనే గూడు కడతాయి. లేకపోతే తట్టల్లోనే పోతాయి.

ఊళ్ళో ఆయిల్ ఇంజను నాగేశప్పకు ఒక్కడికే ఉంది. నంజమ్మ పోయి అడిగింది.

"ఇస్తాను అక్కా, ఎందుకియ్యను? నా టమాటా తడవనీ. నాలుగు దినాలు."

"నాలుగు దినాలకు పురుగులుండవప్పా."

"అట్లయితే మీ ఇంట్లో అంత పెద్ద జర్మనీ దొర ఊరికే పడుకొని ఉండాడే, ఆయన్ని లేపు!" అని నవ్వాడు నాగేశప్ప. అతను ఎగతాళికే అన్నాడు. నంజమ్మ మాత్రం దాన్ని కొంగున ముడేసుకొని ఇంటికి వచ్చింది.

"ఇదో, ఆ కారు చక్రానికి పంపు బెల్టు తగిలిస్తే తిరగదా?"

ఆంజప్ప చేతిలో ఉన్న గుడ్డ కింద పడింది. "బెంజికా? రేపు మడక కట్టి దున్నమంటావా? దాంట్లో అయ్య కూర్చున్నాడే! ఇంజను కాలిపోతే ముక్క యాడ దొరుకుతుంది? జర్మనీకి పోవాలనా?"

"తిరుగుతుందా తిరగదా, అది చెప్పు."

"తిరిగేదేమో తిరుగుతుంది…"

"నీ బెంజి దొర పెండ్లాము బండి తీసుకొని పుట్టింటికి పోయింది కదా. మొగుడిని అడిగిందా?"

"లేదు."

"నేను అడగతా ఉండా. అంతే తేడా."

ఆంజప్ప కింద పడిన గుడ్డ తీసి దులిపాడు. నంజమ్మ పోట్లాడలేదు. అతన్ని చేయి పట్టుకొని నడిమింట్లోకి తీసుకుపోయింది. నాలుగో జ్వరం దాటిన పురుగులు మేస్తూ ఉంటే ఇంట్లో వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ రోజు అక్కడ చప్పుడు లేదు. పురుగులన్నీ తలలు పైకెత్తి, ఎవరో వస్తారని చూస్తున్నట్టు కదలకుండా ఉన్నాయి. ఆంజప్పకు లారీలు, కార్లు కలిపి బతుకంతా ఇంజను మోతలోనే గడిచింది. రోడ్డు మధ్యలో ఇంజను ఆగిపోయినప్పుడు వచ్చే ఆ నిశ్శబ్దం అతనికి బాగా తెలుసు. అదే ఇక్కడ ఉంది. నిలబడలేక బయటికి వచ్చేశాడు.

"ఒక మాట," అన్నాడు వరండాలోంచి. "దాన్ని ఎవరూ ఆయిల్ ఇంజను అనకూడదు."

మరుసటి రోజు పొద్దున యూనిఫారం తొడిగి, టోపీ పెట్టి, బెంజిని బావి గట్టుకు తోలాడు. వెనుక కుడి చక్రం కింద జాకీ పెట్టి లేపాడు. టైరు విప్పి, ఉత్త రిమ్ము మిగిల్చి, దాని గాడిలో పంపు బెల్టు తగిలించాడు. మిగిలిన చక్రాలకు ముందూ వెనకా బండరాళ్ళు అడ్డం పెట్టాడు. గుబ్బ లాగి, తీగ ఎర్రబడేదాకా కళ్ళు మూసుకున్నాడు. ఇంజను లేచింది. గేరు వేసి క్లచ్ వదిలేసరికి చక్రం తిరిగింది. పంపు నాలుగు సార్లు గుటకలు మింగి, బావి నీళ్ళను భళుక్కున కాలువలోకి కక్కింది. నంజమ్మ పార పట్టుకొని నీళ్ళ వెంట పరుగెత్తింది.

ఊరంతా గట్టు మీదికి చేరింది. నాగేశప్ప తన టమాటాను తడిలోనే వదిలేసి వచ్చాడు.

"ఏం బావా, యాడికి పయనం?"

"బెంగుళూరికి," అన్నాడు ఆంజప్ప, ఎదురుగా ఉన్న చింతచెట్టు మీదినుంచి చూపు తిప్పకుండా. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"హోసూరులో నాకొక పని ఉండాది, దింపి పోతావా?"

"పక్కకు జరుగు. బండి జోరు మీద ఉండాది."

ఎండ నెత్తికెక్కేసరికి కష్టం మొదలైంది. కదలని కారుకు గాలి ఎక్కడిది? వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు పాకింది. ఆపితే నీళ్ళు ఆగుతాయి. ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది, మళ్ళీ లేవదు. ఆంజప్ప జోరు తగ్గించి, ముందు రేకు ఎత్తించాడు. నంజమ్మ కడవలతో నీళ్ళు తెచ్చి, అతను చెప్పినంత మెల్లగా రేడియేటర్‌లో పోసింది. ముల్లు దిగలేదు. అప్పుడు నాగేశప్పకు ఏం తోచిందో, ఇంటికి పరుగెత్తి చేట తెచ్చి, రేడియేటర్ ముందు నిలబడి విసరడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు చేటలు పట్టుకున్నారు. మూలవిరాట్టుకు కూడా ఆ పక్క అంత సేవ జరిగి ఉండదు. ఇంజను కడవ నీళ్ళకు చల్లబడిందో, చేటల గాలికి చల్లబడిందో గానీ ముల్లు వెనక్కి జరిగింది. నాగేశప్ప విసిరిన గాలికి జర్మనీ దాకా చలి పుట్టిందని ఆంజప్ప తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఒక్క విషయంలో నాగేశప్ప అతన్ని కాదనలేదు.

రెండో రోజు పొద్దునకు ఆకు నిక్కింది. నంజమ్మ మొదటి గంప కోసుకొని నడిమింట్లోకి పోయింది. కాసేపటికి కిటికీలోంచి వాన చప్పుడు బయటికి వచ్చింది. ఆంజప్పకు అది వినపడలేదు. తన లెక్కలో అతను అప్పటికే శూలగిరి దాటి, మిట్ట ఎక్కుతున్నాడు.

మూడో రోజు సాయంత్రానికి ఒక్క చివరి మడి మిగిలింది. నంజమ్మ మడవ తిప్పి, నీళ్ళు వాటంతటవే పారుతూ ఉంటే, కారు దగ్గరికి వచ్చి వెనక తలుపు తీసింది. కాళ్ళకు మోకాలిదాకా బురద. ఆంజప్ప అద్దంలో చూశాడు. తుండు గుర్తొచ్చింది గానీ, చూపు మళ్ళీ చింతచెట్టు మీదికి తిప్పుకున్నాడు. ఆమె అయ్య కూర్చునే చోట, ఒక మూలకు ఒదిగి కూర్చుంది. సీటు అదురుతూ ఉంది. బయట మల్బరీ తోట పచ్చగా నిలబడి ఉంది.

"ఏ ఊరొచ్చినాము?" అంది.

"అత్తిబెలె దాటినాము. ఇంకొంచేపట్లో చందాపుర."

"ఇట్లనే కూర్చొని పోయేవాడా మీ అయ్య?"

"ఆయన నిద్రపోయేవాడు."

"నిద్ర వస్తుంది మరి, ఇంత మెత్తగా ఉంటే," అని ఆమె తల వెనక్కి వాల్చింది. కళ్ళు మూసుకుంది గానీ ఒక చెవి కాలువ మీదే ఉంది. కాసేపటికి చివరి మడి నిండిన చప్పుడు విని లేచి కూర్చుంది.

"నిలుపప్పా. దిగాల. ఆకు కోసే పొద్దయింది."

ఆంజప్ప అద్దంలో వెనక్కి చూశాడు. ఎడమ పక్క కిటికీ చేతికి అందదు కాబట్టి, కుడి చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, వెనక వచ్చే బండ్లకు మెల్లగా ఊపాడు. వెనక బావి తప్ప ఏమీ లేదు. గేరు తప్పించాడు. చక్రం తిరగడం తగ్గి తగ్గి నిలిచింది. బండరాళ్ళ మధ్య అంగుళం కదలని బెంజిని, రోడ్డు వారగా తీసి జాగ్రత్తగా ఆపి, టోపీ సర్దుకొని దిగి, నంజమ్మకు తలుపు తీశాడు.