నరసమ్మ గారి ఖాళీ పళ్లెం

ప్రతి చలికాలం నేనొక జాబితా రాస్తాను. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఎక్కడెక్కడ బొమ్మల ప్రదర్శనలు పెడుతున్నారో కనుక్కుని, ఏది చూడదగ్గదో, ఏది బస్సు చార్జీ దండగో నాలుగు ముక్కలు రాసి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెడతాను. ముప్పై రెండేళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. రిటైరయ్యాక ఆ మాత్రం పెత్తనమైనా లేకపోతే నాకు తోచదు. ఈసారి జాబితాలో మొదటిది 'కొల్లేరు బతుకులు' అనే ఫోటో ప్రదర్శన. "తప్పక చూడండి, ఇంటిల్లిపాదీ వెళ్లండి" అని కూడా రాశాను. చూసి రాశాననుకునేరు! ఫోనుకి వచ్చిన ఆహ్వాన పత్రిక మీద గూడబాతుల బొమ్మ బాగుంది, రాసిపడేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

మా దెందులూరు చుట్టుపక్కల వెంకటనరసమ్మ గారిని ఎరగనివాళ్లు లేరు. హైవే మీంచి కొల్లేరు వైపు దారి చీలేచోట ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ముందు ఆకుపచ్చ అంచున్న పసుపు బోర్డు. 'నరసమ్మ గారి భోజనశాల' అని ఆ బోర్డు రాసింది నేనే. రాసినందుకు ఆవిడ నెల్లాళ్లపాటు నాకు బొమ్మిడాయి చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆ నెల ముగిసినా నేను అక్కడ తినడం మానలేదు.

ఆవిడ కొల్లేరు లంకలో పుట్టిన మనిషి. భర్త చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించిన ఏడాది ఆ పని పోయింది. గట్లు తవ్వడానికి వచ్చిన మిషన్ల డ్రైవర్లు మధ్యాహ్నం తిండి దొరక్క ఎండలో పడి తిరుగుతుంటే, ఈవిడే వాళ్లని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఊళ్లో వాళ్లు తిట్టారు. "ఆళ్లూ కూలికొచ్చినోళ్లే కదండి. ఆకలికి మన చెరువు, ఆళ్ల చెరువు అని ఉంటాదేంటండి" అంది. భోజనశాల అక్కడ మొదలైంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఈ ఇరవై ఏళ్లలో పొయ్యి ఆరిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆవిడకో పట్టింపు ఉంది. ఇంట్లో బియ్యం అయిపోతే 'లేవు' అనకూడదని, 'నిండుకున్నాయి' అనాలని మన అమ్మలందరూ నేర్పినదే. ఈవిడ దాన్ని హోటల్లో కూడా వదల్లేదు. నాలుగు గంటలకి ఎవరైనా వచ్చి భోజనం ఉందా అని అడిగితే, "నిండుకుందండి, ఓ పావుగంట కూర్చోండి" అని మళ్లీ ఎసరు పెడుతుంది. అన్నం దగ్గర 'లేదు' అనే మాట ఆవిడ నోట నేను వినలేదు. అడిగినవాడు తాగి వచ్చినా సరే, తిట్టి మరీ పెడుతుంది తప్ప లేదనదు.

మొన్న కార్తీకమాసంలో ఒక సోమవారం హేమంత్‌కుమార్ అనే ఫోటోగ్రాఫరు అక్కడ దిగాడు. మెళ్లో రెండు కెమెరాలు, తలకి టోపీ. కొల్లేరు పక్షుల్ని తియ్యడానికి వచ్చాడట. మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. కార్తీకంలో ఊళ్లో సగం మంది చేపలు ముట్టరు కానీ లారీల వాళ్లకీ పక్షుల కోసం వచ్చేవాళ్లకీ మాసాలతో పనేముంది? నరసమ్మ గారు మాత్రం సోమవారం ఉపవాసం. మంచినీళ్లు తప్ప ఏమీ తాగకుండా పులుసు కాచి, ఉప్పు రుచి చూడకుండానే సరిగ్గా వేసి, ఆ కుర్రాడికి వడ్డించింది. అతను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "మామ్మగారూ, మీరు తినరా?" అని అడిగాడు కూడా. "సాయంత్రం చుక్క కనపడ్డాక తింటానండి బాబూ, ఇయ్యాల సోమారం కదండి" అని చెప్పింది. నా చెవులతో విన్నాను. అందుకే కడుపు మండుతోంది.

మా గ్రూపులో పెట్టిన జాబితా గురించి భోజనశాలలో ఎవరో చెప్పుకుంటుంటే ఆవిడ విని, నన్ను చదివి వినిపించమంది. 'కొల్లేరు బతుకులు' దగ్గర ఆపి, "మా బతుకులే కదండి మాస్టారూ! ఎవరు తీశారంట?" అంది. పేరు చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఆ బాబే! ఆ సాయంత్రం నేను గుమ్మంలో చుక్క కోసం చూత్తా కూచుంటే ఫోటో తీశారండి. పెట్టారేమో చూసొద్దాం, తీసుకెళ్లండి."

గురువారం మధ్యాహ్నం షెడ్డు పక్కింటావిడకి అప్పజెప్పి, జరీ అంచు చీర కట్టుకుని బస్సెక్కింది. చేతిలో నాలుగు గిన్నెల కేరేజీ. ఎందుకండీ ఇదంటే, "తెలిసినోళ్ల దగ్గరికి చేతులూపుకుంటా వెళ్తామేంటండి? ఆ బాబుకి బొమ్మిడాయిలంటే ఇష్టం" అంది.

ఏలూరులో ఒక ఫంక్షన్ హాలు. గోడలకి నల్లగుడ్డలు కట్టి ఫోటోలు వేలాడదీశారు. పక్షులున్నాయి, పడవలున్నాయి, వలలున్నాయి, అన్నీ చూడచక్కగా ఉన్నాయి. హాలు చివర, మిగతా వాటికి మూడింతలు పెద్దదిగా, పైనుంచి ప్రత్యేకంగా లైటు వేసి నరసమ్మ గారి ఫోటో పెట్టారు.

బాగుంది. అదే నా ఏడుపు, ఫోటో నిజంగా బాగుంది. గుమ్మంలో కూర్చుని గడ్డమెత్తి ఆకాశంలోకి చూస్తోంది ఆవిడ. స్నానం చేసి కట్టుకున్న వెలిసిపోయిన చీర. పక్కన కడిగిపెట్టుకున్న ఖాళీ పళ్లెం. వెనకాల తోమి బోర్లించిన గిన్నెలు. ఆ గిన్నెలు ఎందుకు బోర్లించి ఉన్నాయి? అందులో ఉన్నదంతా పొద్దుటి నుంచీ నలభై మంది తిన్నారు కనుక! తిన్నవాళ్లలో ఫోటో తీసినవాడొకడు. ఫోటో పై అంచున సన్నగా ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. నేను వేసిన గీత అది, నా బోర్డు అంచు. కిందున్న గీత ఉంచి పైనున్న బోర్డునంతా కత్తిరించి పారేశాడు.

ఫోటో కింద అట్టముక్క మీద ఏదో రాసి ఉంది. నరసమ్మ గారికి చదువు రాదు.

"నా పేరే రాశారాండి?" అంది సంబరంగా.

అబద్ధం చెబుదామా అనిపించింది. ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. కానీ అప్పటికే పక్కనున్నవాళ్లు పైకి చదువుతున్నారు. నేనే చదివాను.

"ఆకలి. ఆకాశాన్ని అడుగుతున్న ఈ తల్లి కళ్లలో ఎన్ని రోజుల పస్తులో! ఖాళీ పళ్లెం, బోర్లించిన గిన్నెలు. కొల్లేరు ఒడ్డున అన్నం కోసం ఎదురుచూపు."

దాని కింద ఒక ప్లాస్టిక్ డ్రమ్ము. 'కొల్లేరు పేదలకు గుప్పెడు బియ్యం' అని కాగితం అంటించారు. సగం దాకా బియ్యం పోగయ్యాయి.

 ఆవిడ ఫోటోలో తనని తాను చూసుకుంటూ నిలబడిపోయింది. ఇంతలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన ఒకావిడ ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది. "అయ్యో, మీరేనా అమ్మా!" అంటూ బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి నరసమ్మ గారి చేతిలో పెట్టింది. పాపం, ఆవిడది జాలి గుండె. ఆవిణ్ణి అనడానికేముంది? జాలి ఎవరి మీద పడాలో చెప్పినవాణ్ణి అనాలి. ఆ ప్రదర్శనకి ఇంటిల్లిపాదినీ వెళ్లమని చెప్పిన నన్ను అనాలి.

నరసమ్మ గారు ఆ ప్యాకెట్టు వంక చూసింది. ఇరవై ఏళ్లలో ఆవిడ చేతిలో ఎవరూ తిండి పెట్టలేదు.

హేమంత్‌కుమార్ మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వచ్చాడు. "మామ్మగారూ! వచ్చారా! మీ ఫోటోకి ఎంత రెస్పాన్స్ వస్తోందో తెలుసాండీ?"

"ఆ రోజు మీరేం తిన్నారండి బాబూ?" అంది ఆవిడ.

"అదేంటండీ?"

"ఏం తిన్నారో చెప్పండి, పర్లేదు. నలుగురూ వింటారు."

అతను బిక్కమొహం వేశాడు. "బొమ్మిడాయిల పులుసండీ" అన్నాడు చివరికి.

"ఎన్నిసార్లు అన్నం పెట్టించుకున్నారండి?"

అతను నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు ఆర్టిస్టు, మీకు తెలుసు కదండీ. ఇది ఆవిడ గురించి కాదండీ. ఒక సింబల్ అండీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. "సింబల్ కావాలంటే నీ పళ్లెం ఫోటో తీసుకోవలసిందయ్యా! ఆవిడ ఉపవాసమని నీకు చెప్పలేదూ? నేను పక్క బల్ల దగ్గరే కూర్చుని విన్నాను. బోర్డు ఎందుకు కత్తిరించావు? భోజనశాల అని కనిపిస్తే పస్తులని రాయడానికి కుదరదనేగా?"

"బోర్డు కంపోజిషన్‌కి అడ్డమండీ."

"ఆ అట్టముక్క తీసెయ్యి. ఆవిడ పేరు రాయి. కార్తీక సోమవారమని రాయి."

"కుదరదండీ. ఈ టైటిల్‌తోనే పోటీకి పంపించాం. ఇప్పుడు మారిస్తే ఎంట్రీ క్యాన్సిలవుతుందండీ."

ఇంక మాటలు అనవసరం అనిపించింది. అరవై మూడేళ్ల వయసులో, నా జాబితా చూసి వచ్చిన పాత విద్యార్థులిద్దరు చూస్తుండగా, ఆ అట్టముక్క పీకి జేబులో పెట్టుకున్నాను. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలవమన్నాను. పిలిస్తే ఆకలి అంటే ఏమిటో వాళ్లకీ బొమ్మ గీసి చూపిస్తానన్నాను.

ఈ గొడవ జరుగుతుండగా వెనక కేరేజీ చప్పుడైంది. తిరిగి చూస్తే నరసమ్మ గారు తన ఫోటో కిందే, ఆ బియ్యం డ్రమ్ముని పక్కకి జరిపి, నేల మీద కూర్చుని కేరేజీ విప్పుతోంది. బిస్కెట్ ప్యాకెట్టు డ్రమ్ము మీద పెట్టేసింది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న వాచ్‌మన్ మత్తయిని పిలిచింది.

"ఏవండీ, భోంచేశారా?"

"ఇంకా లేదండమ్మా. పొద్దుట్నించీ టీనే అండి."

"రండి, కూచోండి."

పేపరు ప్లేట్లు ఎవరో తెచ్చారు. హాలంతా బొమ్మిడాయిల పులుసు వాసన కమ్ముకుంది. పక్షుల దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగారు. మత్తయికి పెట్టింది. ఆ బిస్కెట్ల ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పిల్లలకి ముళ్లు తీసి మరీ పెట్టింది. "ఆ రోజు నాకు ఉపోసం అమ్మా. చుక్క కోసం చూత్తన్నాను. అన్నం కోసం కాదు" అని ఒక్కొక్కరికీ వడ్డిస్తూ ఒక్కొక్కరికీ చెప్పింది. ఆ ఆడమనిషి తల వంచుకుని తింది. కళ్లు తుడుచుకుంటే పులుసు కారమో మరోటో నేను అడగలేదు.

మూడు గిన్నెలు ఖాళీ అయ్యాయి. నాలుగోదాంట్లో అన్నం ఇంకా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.

జనం తన వైపు చూసే చూపు మారిందని హేమంత్‌కుమార్‌కి అర్థమైంది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, కెమెరా ఎవరికో అందించి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. "సారీ మామ్మగారూ. నాకూ ఓ ముద్ద పెట్టండి. మీరు పెడుతుంటే ఫోటో తీయిస్తాను, దీని పక్కనే పెడదాం. అందరికీ తెలుస్తుంది" అన్నాడు.

ఫోటో! ఇంకా ఫోటోయే!

నరసమ్మ గారు గిన్నెలోకి చూసింది. అన్నం వంక, అతని వంక చూసింది. గరిటె చేతిలోనే ఉంది. తర్వాత మూత పెట్టి, కేరేజీ కడ్డీ బిగించింది.

"మీకు లేదండి" అంది.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. కేరేజీ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. నా జేబులోని అట్టముక్క తీసి చూపించి, ఇంటికెళ్లగానే జాబితాలోంచి ఆ ప్రదర్శన కొట్టేస్తాననీ, ఎందుకు కొట్టేశానో కూడా రాస్తాననీ చెప్పాను. తల ఊపింది కానీ విన్నట్టు లేదు. ఆ కుర్రాడికి తగిన శాస్తి చేశారని, నాకు కడుపు నిండినట్టుందని అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"శాస్తేంటండి మాస్టారూ! ఫోటో పెట్టుకుంటే పెట్టుకోనీండి, పస్తులని రాసుకుంటే రాసుకోనీండి. గిన్నెలో అన్నం ఉండగా అడిగినోడికి లేదన్నానండి. నా చేత ఆ మాట అనిపించాడండి."

దెందులూరులో దిగేదాకా ఆ గిన్నె మూత మీంచి చెయ్యి తియ్యలేదు.